మెనూలో నల్ల త్రికోణం, అందులో ఉప్పు డబ్బా: మీరు చూశారా? చూసి ఏం చేశారు?

విభాగం: తిండి, ఆరోగ్యం

జాక్సన్‌హైట్స్_జానకి (న్యూయార్క్)

అందరికీ నమస్కారం. అమ్మ తెనాలి నుంచి వచ్చి రెండు నెలలైంది. వయసు 67. పదకొండేళ్లుగా బీపీ మాత్ర వేసుకుంటోంది. పోయిన శనివారం మ్యూజియం చూపించి, మధ్యాహ్నం ఆకలి వేస్తే మాన్‌హట్టన్‌లో ఒక పెద్ద చెయిన్ రెస్టారెంట్‌కి తీసుకెళ్లాను. మెనూలో బొమ్మలు చూస్తూ అమ్మ ఒక చోట వేలు పెట్టి "ఈ నల్ల త్రికోణం ఏమిటే?" అని అడిగింది.

ఈ ఊళ్లో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను. ఆ గుర్తు నా కళ్ల ముందు నుంచి ఎన్నిసార్లు పోయిందో. ఒక్కసారీ ఆగి చదవలేదు. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో రాసి ఉంది: ఈ గుర్తు ఉన్న వంటకంలో సోడియం, రోజు మొత్తానికి చెప్పిన పరిమితి 2300 మిల్లీగ్రాములను మించి ఉంది, సోడియం ఎక్కువైతే బీపీ పెరుగుతుంది, గుండెజబ్బు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది అని. నేను అమ్మకు చెబుదామనుకున్న నూడుల్స్ పక్కనే ఉంది ఆ గుర్తు.

చదివి చెప్పాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. "ఒక్క ప్లేటులో రోజంతటి ఉప్పా? ఇంట్లో నేను పెరుగన్నంలో కూడా ఉప్పు మానేశానే" అంది. చివరికి ఇద్దరం గుర్తు లేని వంటకాలు రెండు చెప్పి పంచుకున్నాం.

అప్పటినుంచి నాకు ఇదే ఆలోచన. ఈ గుర్తు వల్ల నిజంగా జనం తినేది మారుతోందా? మా అమ్మ అడగకపోతే నేను చూసేదాన్నే కాదు. మీ ఊళ్లలో ఇలాంటిది ఉందా? మన హైదరాబాదు, విజయవాడ హోటళ్లలో పెడితే పనిచేస్తుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఎడిసన్_మూర్తి (న్యూజెర్సీ)

జానకి గారూ, నది దాటి ఇటు వస్తే ఆ గుర్తు ఉండదు. అది న్యూయార్క్ నగరం రూలు. మా ఎడిసన్‌లో అదే చెయిన్ రెస్టారెంట్‌లో అదే వంటకం, గుర్తు లేకుండా దొరుకుతుంది. కెలొరీలు మాత్రం రాస్తారు. 2018 మే నుంచి 20 కంటే తక్కువ కాకుండా శాఖలున్న చెయిన్లన్నీ దేశమంతా కెలొరీలు వేయాలి. సోడియం మాత్రం మనం అడిగితేనే కాగితం చూపిస్తారు. నేను ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు.

ఒక్క సందేహం. 2300 మిల్లీగ్రాములంటే 2.3 గ్రాములే కదా, అరస్పూను ఉప్పు కూడా కాదు. మన ఇంట్లో ఒక పూట కూరలోనే అంతకంటే ఎక్కువ పడుతుంది. దానికి అంత టెన్షన్ అవసరమా?

బీపీ_మిషన్ (వరంగల్)

మూర్తి గారూ, ఈ పొరపాటు నా దగ్గరకు వచ్చే చదువుకున్నవాళ్లలో సగం మంది చేస్తారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. నేను డాక్టర్‌ని, జనరల్ ప్రాక్టీసు.

సోడియం వేరు, ఉప్పు వేరు. ఉప్పంటే సోడియం క్లోరైడ్. బరువులో 40 శాతం దాకా సోడియం, మిగతాది క్లోరైడ్. అందుకని సోడియం అంకెను రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది. 2300 మిల్లీగ్రాముల సోడియం అంటే 5.75 గ్రాముల ఉప్పు. చదునుగా కొట్టిన ఒక టీస్పూను. ఒక్క పూటలో, ఒక్క ప్లేటులో అంత అని ఆ త్రికోణం చెబుతోంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు ఇంకా తక్కువ: రోజుకు సోడియం 2000 మిల్లీగ్రాములు, అంటే ఉప్పు 5 గ్రాములకు లోపు. ప్రపంచం సగటున తింటున్నది దానికి రెట్టింపు పైనే, రోజుకు సుమారు 10.8 గ్రాములు. మనదేశంలోనూ పరిమితికి బాగా ఎక్కువే తింటున్నాం.

ఒంట్లో ఏం జరుగుతుందంటే, సోడియం నీటిని పట్టి ఉంచుతుంది. రక్తం పరిమాణం పెరుగుతుంది, నాళాల మీద ఒత్తిడి పెరుగుతుంది. ఎక్కువైన సోడియాన్ని బయటికి తోయాల్సింది కిడ్నీలే. వయసు పెరిగే కొద్దీ ఆ పని మందగిస్తుంది. జానకి గారి అమ్మగారి వయసులో ఉప్పు ప్రభావం పాతికేళ్లవాళ్ల కంటే ఎక్కువ కనపడుతుంది. ఆవిడ పెరుగన్నంలో ఉప్పు మానేయడం చాలా మంచి పని. అలాంటి మనిషికి హోటల్లో ఒక్క పూటలో మొత్తం తిరిగొచ్చేస్తే, ఆమె ఇంట్లో పడ్డ కష్టమంతా పోయినట్టే. అందుకే ఆ గుర్తుకు నేను విలువ ఇస్తాను.

ఎడిసన్_మూర్తి

డాక్టర్ గారూ, ధన్యవాదాలు. ఇన్నాళ్లూ చిప్స్ ప్యాకెట్ల మీద సోడియం చూసి అదే ఉప్పు అనుకుంటున్నాను.

ఫిల్లీ_ఫణి (ఫిలడెల్ఫియా)

మా దగ్గరా ఉంది. 2019 సెప్టెంబరు నుంచి. 15 గానీ అంతకు మించి గానీ శాఖలున్న చెయిన్లకే, హద్దు కూడా అదే 2300. అంతకు ముందు నుంచే, 2010 నుంచి, ఇక్కడ కూర్చుని తినే చెయిన్ల మెనూల్లో సోడియం అంకె కూడా అచ్చు వేస్తున్నారు.

నా అనుభవం చెబుతాను. అంకెలు మాత్రమే ఉన్న రోజుల్లో నేను చూడలేదు. 1840 అని, 2610 అని ఉంటుంది. దాన్ని దేనితో పోల్చుకోవాలి? ఆకలి మీద ఉన్న మనిషి లెక్కలు కట్టడు. త్రికోణం వచ్చాక చూశాను. గుర్తు పని గుర్తుదే. కాకపోతే నాలుగైదు నెలలకు అలవాటైపోయింది, గోడ మీద పాత క్యాలెండరులా. మా నాన్నకు స్టెంట్ వేశాక మళ్లీ కనపడటం మొదలుపెట్టింది.

కోర్టు_కాగితాలు (న్యూయార్క్)

జానకి గారూ, మీరు చూసిన ఆ చిన్న త్రికోణం వెనుక పెద్ద గొడవే జరిగింది. నేను న్యాయవాదుల ఆఫీసులో పనిచేస్తాను. ఆ రోజుల్లో ఈ కేసును దగ్గరగా చూశాను.

2015 సెప్టెంబరులో న్యూయార్క్ నగర ఆరోగ్య బోర్డు ఈ రూలు చేసింది. అమెరికాలో ఇలా చేసిన మొదటి నగరం ఇదే. డిసెంబరు 1 నుంచి గుర్తు పెట్టాలన్నారు. వెంటనే నేషనల్ రెస్టారెంట్ అసోసియేషన్ కోర్టుకెళ్లింది. 2016 ఫిబ్రవరిలో మాన్‌హట్టన్ కోర్టు నగరం వైపే తీర్పిచ్చింది. అప్పీలు చేసి జరిమానాలను కొన్నాళ్లు ఆపించారు. మే నెలాఖరుకు ఆ అడ్డూ తొలగింది. 2016 జూన్ 6 నుంచి గుర్తు పెట్టనివాళ్లకు 200 డాలర్ల జరిమానా మొదలైంది. 2017 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు కూడా నగరం వైపే చెప్పింది.

దీనికి ముందు అదే బోర్డు పెద్ద గ్లాసుల్లో చక్కెర పానీయాలు అమ్మకూడదని ఒక రూలు చేసింది. అది 2014లో రాష్ట్రం పై కోర్టులో కొట్టుకుపోయింది. ఉప్పు రూలు నిలబడింది. ఒకటి అమ్మకాన్ని ఆపాలని చూసింది, రెండోది అమ్ముకోండి, కానీ చెప్పి అమ్మండి అంది. మీ అమ్మగారిని ఆ పూట అక్కడ ఏదీ తినకుండా ఎవరూ ఆపలేదు కదా. ఆవిడకు తెలిసింది, ఆవిడే నిర్ణయించుకుంది. నాకు ఆ తేడా చాలా ముఖ్యం.

ఇంకోటి కూడా చెప్పాలి. దేశం మొత్తం మీద 15 శాఖలుంటేనే రూలు వర్తిస్తుంది. లెక్సింగ్టన్ అవెన్యూలో మనం తినే బిర్యానీ హోటళ్లు, మీ జాక్సన్ హైట్స్‌లో దోశల హోటళ్లు దాని కిందికి రావు. అక్కడ గుర్తు లేదంటే ఉప్పు లేదని కాదు.

జాక్సన్‌హైట్స్_జానకి

అయ్యో, ఇది నాకు తట్టనే లేదు. ఆ రోజు సాయంత్రమే "బయటి తిండి వద్దు, మన తిండి తిందాం" అని అమ్మను ఇంటి పక్క ఇండియన్ హోటల్‌కి తీసుకెళ్లాను. సాంబారు రెండుసార్లు వేయించుకుంది.

పొయ్యిదగ్గర (విజయవాడ)

అందరికీ నమస్కారం. నాకు విజయవాడలో చిన్న టిఫిన్ హోటల్ ఉంది. 26 ఏళ్లుగా పొయ్యి దగ్గరే. నేను కొంచెం వేరేగా చెబుతాను, తప్పుగా అనుకోకండి.

ఉప్పు తగ్గితే మాకు ఏమవుతుందో మీకు తెలియదు. కారం తగ్గితే కస్టమర్ "కొంచెం కారం తక్కువైంది" అని తినేస్తాడు. ఉప్పు తగ్గితే ప్లేటు తిరిగి వస్తుంది. "అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు" అని ఉప్పు అంటుందట. మా అమ్మ చెప్పేది. అది నిజం. ఎంత మంచి పప్పు వేయి, ఎంత మంచి ఇంగువ వేయి, ఉప్పు చాలకపోతే ఆ వంట లేవదు. పక్క హోటల్లో ఉప్పు సరిపోతే జనం అటే పోతారు.

రెండోది, మెనూ మీద గుర్తు పెట్టాలంటే ప్రతి ప్లేటులో ఒకే లెక్క ఉండాలి. పెద్ద చెయిన్లకు అన్నీ ఒకచోట తయారై ప్యాకెట్లలో వస్తాయి, వాళ్లు లెక్క చెప్పగలరు. మా దగ్గర ఉప్పు చేత్తో వేస్తాం. చెయ్యే కొలత. వంటమనిషి మారితే కొలత మారుతుంది. దొడ్డుప్పు వేస్తే ఒక లెక్క, సన్న ఉప్పు వేస్తే ఇంకో లెక్క. సాంబారు ఒకరు ఒక గిన్నె పోయించుకుంటారు, ఇంకొకరు మూడు. ఏ ప్లేటుకు గుర్తు పెట్టమంటారు?

జనం ఆరోగ్యం నాకూ కావాలి. మా ఇంట్లో మా అన్నయ్య పక్షవాతంతో మంచం మీద నాలుగేళ్లున్నాడు. కానీ గుర్తు ఒక్కటీ అతికిస్తే సరిపోతుందని మాత్రం అనుకోవద్దు.

తార్నాక_బస్టాప్ (హైదరాబాద్)

పొయ్యిదగ్గర అన్నా, మీరు చెప్పింది నిజం. మన రూలు చేసినవాళ్లకు కూడా ఈ సంగతి తెలిసినట్టుంది. మనదేశంలో ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నిబంధనల ప్రకారం, కేంద్ర లైసెన్సు ఉన్న హోటళ్లు, లేదా పది చోట్ల, అంతకు మించి శాఖలున్నవి మెనూలో ప్రతి వంటకానికీ కెలొరీలు వేయాలి. 2022 నుంచి అమలు. పెద్ద కాఫీ షాపుల్లో, పిజ్జా దుకాణాల్లో మీరు చూసే ఉంటారు. కానీ ఉప్పుకు అలాంటి గుర్తు మెనూలో లేదు. ప్యాకెట్ల మీద మాత్రం సోడియం వేయాలి, రోజుకు 2000 మిల్లీగ్రాముల లెక్కన అందులో ఎంత శాతమో కూడా.

నేను తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థకు దగ్గర్లోనే ఉంటాను, అందుకే ఆ పేరు పెట్టుకున్నాను. 2024లో వాళ్లు తెచ్చిన ఆహార మార్గదర్శకాల్లో కూడా ఉప్పు రోజుకు 5 గ్రాములకు మించవద్దనే ఉంది.

కానీ మా వీధి చూడండి. మెయిన్ రోడ్డు మీద ఒక్క పిజ్జా దుకాణం ఉంటే, లోపల సందుల్లో నాలుగు కర్రీ పాయింట్లున్నాయి. ఇద్దరూ ఉద్యోగాలకు పోయే ఇళ్లలో ఇప్పుడు అన్నం ఒక్కటే వండుతున్నారు. పప్పు, కూర, పులుసు, పచ్చడి అన్నీ కవర్లో కట్టించుకుని తెచ్చుకుంటారు. రోజూ రెండు పూటలా. పిజ్జా నెలకోసారి. గుర్తు పిజ్జా దగ్గర పెడితే ఎవరికి లాభం? రోజూ తినే కూరకు లెక్క చెప్పేవాళ్లెవరు? దీని గురించి నాకు బాధగా ఉంది, ఎందుకంటే మా ఇంట్లో కూడా వారానికి ఐదు రోజులు అదే.

మాంచెస్టర్_మధు (ఇంగ్లండ్)

ఇక్కడి సంగతి చెబుతాను, విజయవాడ అన్నయ్యగారి మాటకు అది జవాబు కావచ్చు.

బ్రిటన్‌లో హోటల్ మెనూకు ఉప్పు గుర్తు తప్పనిసరి కాదు. 2022 ఏప్రిల్ నుంచి ఇంగ్లండ్‌లో పెద్ద సంస్థలు కెలొరీలు వేస్తున్నాయి, అంతే. ఈ మధ్య లివర్‌పూల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మాత్రం మెనూ మీద ఉప్పు హెచ్చరిక పెట్టి చూశారు. ఆన్‌లైన్‌లో ఒకసారి, నిజమైన రెస్టారెంట్‌లో ఒకసారి. జనం ఆర్డర్ చేసిన దాంట్లో ఉప్పు తగ్గింది. అంటే గుర్తు అసలు పనిచేయదని అనలేం.

కానీ ఈ దేశంలో ఉప్పు ఎక్కువగా తగ్గింది గుర్తు వల్ల కాదు, వంట మారడం వల్ల. 2000 తర్వాత ఫుడ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ బ్రెడ్డు, సూపు, సాసు, ఒక్కోదానికి ఒక్కో లక్ష్యం పెట్టి కంపెనీల వెంట పడింది. కంపెనీలు ఒక్కసారిగా తగ్గించలేదు. బ్రెడ్డులో ఏటా కొంచెం కొంచెంగా తగ్గిస్తూ పోయారు. తినేవాళ్లకు తెలియలేదు. 2001 ప్రాంతంలో మనిషికి రోజుకు 9.5 గ్రాములున్నది 2011 నాటికి 8.1కి వచ్చింది. నేను అప్పుడు ఇక్కడే ఉన్నాను, అదే బ్రెడ్డు రోజూ తిన్నాను. "ఇవాళ చప్పగా ఉంది" అని ఒక్కరోజూ అనుకోలేదు.

నాకు తోచింది ఇది. గుర్తు చదివి మానుకునేవాడు పదిమందిలో ఒకడు. కానీ తన వంటకం పక్కన నల్ల త్రికోణం పడకూడదని హోటల్‌వాడు కాస్త ఉప్పు తగ్గిస్తే, ఆ గుర్తును చూడని తొమ్మిది మందికీ తగ్గుతుంది. గుర్తు అసలు మాట్లాడాల్సింది వంటింటితో.

ఫిల్లీ_ఫణి

మధు గారి మాటకు నేను ఒక చిన్న అడ్డు వేస్తాను. తగ్గించేవాడు 2290 దగ్గర ఆగిపోతే? గుర్తు పోతుంది, ఉప్పు మాత్రం అక్కడే ఉంటుంది. మా నాన్న దగ్గర అలాంటిదే జరిగింది. "గుర్తు లేదుగా" అని ఒక సూపు, ఒక సాండ్‌విచ్ చెప్పారు. మెనూలో అంకెలు కలిపి చూస్తే 3000 దాటింది. త్రికోణం లేకపోతే పర్వాలేదు అనే ధైర్యం చూస్తే నాకు భయం వేస్తుంది. హద్దు రోజు మొత్తానిది కాదు, పూటకు తగినది ఉండాలి.

బీపీ_మిషన్

ఫణి గారు అన్నది నూటికి నూరుపాళ్లు నిజం. రోజుకు మూడు పూటలు తినే మనిషికి ఒక పూట హద్దు 2300 కాకూడదు, 700 దగ్గర ఉండాలి. ఆ లెక్కన చూస్తే మెనూలో సగానికి పైగా నల్ల త్రికోణాలే ఉంటాయేమో, అప్పుడు ఎవరూ చూడరు అనే వాదన ఉంది. ఆ వాదనలోనూ బలం ఉంది. నాకు దీనికి తేలికైన జవాబు కనపడటం లేదు.

కూరగాయల_బుట్ట (విశాఖపట్నం)

డాక్టర్ గారూ, మేము రెండేళ్లుగా మామూలు ఉప్పు మానేసి సైంధవ లవణం వాడుతున్నాం. గులాబీ రంగుది. దానివల్ల బీపీ రాదని మా ఆడపడుచు చెప్పింది. ఊరగాయలు కూడా దానితోనే పెట్టాను. అది పర్వాలేదు కదా?

బీపీ_మిషన్

అమ్మా, సైంధవ లవణంలో కూడా దాదాపు అంతా సోడియం క్లోరైడే. రంగు ఇచ్చేవి చాలా కొద్ది మోతాదులో ఉండే ఖనిజాలు. బీపీకి దానికీ దీనికీ తేడా లేదు. పైగా చాలా రకాల్లో అయొడిన్ ఉండదు, ఇంట్లో పిల్లలు, గర్భిణులు ఉంటే అది ఇంకో ఇబ్బంది. సోడా ఉప్పు కూడా లెక్కలోకి వస్తుంది, అందులోనూ నాలుగో వంతు పైగా సోడియమే. బజ్జీలు, అప్పడాలు, బేకరీ సరుకుల్లో నాలుకకు ఉప్పగా అనిపించకుండానే సోడియం చేరేది అలాగే.

సోడియం నిజంగా తగ్గించిన ఉప్పు వేరే ఉంది. అందులో కొంత భాగం పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. చైనాలో 600 పల్లెల్లో సుమారు 21 వేల మంది మీద ఐదేళ్లు చూశారు. ఆ ఉప్పు వాడినవాళ్లలో పక్షవాతం 14 శాతం తగ్గిందని 2021లో ప్రచురించారు. మన సిద్దిపేట జిల్లా పల్లెల్లో కూడా బీపీ ఉన్నవాళ్ల మీద ఇలాంటి పరీక్ష జరిగింది, బీపీ పై అంకె తగ్గింది.

ఉద్దానం_కుర్రాడు (శ్రీకాకుళం)

డాక్టర్ గారూ, ఆ పొటాషియం ఉప్పు గురించి దయచేసి ఇంకో మాట కూడా రాయండి. మా వైపు ఇంటికొకరు కిడ్నీ జబ్బు మనిషి ఉన్నారు. వాళ్లెవరైనా ఇది చదివి మంచిదని వాడితే ప్రమాదం. మా చిన్నాన్నకు డయాలసిస్ చేసేచోట పొటాషియం ఉన్నవి ముట్టుకోవద్దని గట్టిగా చెప్పారు. కొబ్బరినీళ్లు కూడా వద్దన్నారు.

బీపీ_మిషన్

తమ్ముడూ, చాలా మంచి పని చేశావు. అది నేనే ముందు రాయాల్సింది. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు ఆ ఉప్పు వద్దే వద్దు, రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది. కొన్ని రకాల బీపీ మాత్రలు కూడా పొటాషియాన్ని పెంచుతాయి. మీ డాక్టర్‌ని అడగకుండా ఎవరూ మార్చవద్దు. కూరగాయల_బుట్ట గారూ, మీకు కూడా ఇదే చెబుతున్నాను.

నిర్వాహకుడు

పై రెండు పోస్టులు పైకి పిన్ చేశాను. మందుల సంగతి ఎవరి డాక్టర్‌ని వాళ్లు అడగాలి.

పొయ్యిదగ్గర

మధు గారి మాట చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున నాలుగింటికి హోటల్‌కి వెళ్లి, కిరాణా తూకం పెట్టి, వంటవాడు ఉప్పు వేసే ప్రతిసారీ ముందు తూచమన్నాను. 26 ఏళ్లలో మొదటిసారి. మా లెక్క మీ ముందు పెడుతున్నాను.

సాంబారు 20 లీటర్ల గిన్నె. ఉప్పు 260 గ్రాములు పడింది. మేము పోసే గిన్నె 150 మిల్లీలీటర్లు. అంటే ఒక గిన్నెలో రెండు గ్రాములకు కాస్త తక్కువ. ఇడ్లీ పిండి పది కిలోలకు 120 గ్రాములు. ఇడ్లీ 50 గ్రాములు, ప్లేటుకు మూడు. అక్కడ 1.8 గ్రాములు. పల్లీ చట్నీ ఒక గరిటె, దాంట్లో 0.9. మొత్తం కలిపి చూస్తే మూడు ఇడ్లీలు, ఒక గిన్నె సాంబారు, ఒక గరిటె చట్నీ: 4.65 గ్రాములు. ఇంకో గిన్నె సాంబారు పోయించుకుంటే ఆరున్నర దాటుతుంది.

తేలికైన తిండి అనుకునే ఇడ్లీ ఇది. నూనె లేదు, ఆవిరి మీద ఉడికింది, జ్వరమొచ్చినవాళ్లకు పెట్టేది. డాక్టర్లు పంపించిన పేషెంట్లు నా దగ్గరికొచ్చి ఇడ్లీయే తింటారు, నేనే మళ్లీ సాంబారు పోస్తాను. కాగితం మీద ఆ అంకె చూసి అలాగే కూర్చుండిపోయాను. మొదటి గిన్నెతో న్యూయార్క్ గుర్తు పడదు, రెండో గిన్నెతో పడుతుంది.

ఇంట్లో మా ఆవిడకు చూపిస్తే, "మీ అన్నయ్య రోజూ ఇక్కడే తినేవాడు కదండీ" అంది. దానికి నేనేం చెప్పను.

తార్నాక_బస్టాప్

అన్నా, ఈ ఒక్క పోస్టు కోసమైనా ఈ చర్చ జరగాల్సిందే. తూకం పెట్టి చూసే హోటల్‌వాళ్లు ఎంతమంది ఉంటారు. మీ అన్నయ్య విషయంలో మిమ్మల్ని మీరు తప్పు పట్టుకోకండి. ఎవరికీ తెలియదు, ఎవరూ చెప్పలేదు.

మాంచెస్టర్_మధు

అన్నయ్యా, ఒకేసారి సగానికి తగ్గించకండి. పదో వంతు తగ్గించి ఒక వారం చూడండి. నాలుక కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. బ్రెడ్డు దగ్గర జరిగింది అదే.

కూరగాయల_బుట్ట

నేనూ తూచాను. మా ఇంట్లో నలుగురం. నెలకు ఒక కిలో ప్యాకెట్టు, పైన ఊరగాయలకు, మజ్జిగ మిరపకాయలకు పోసింది వేరే. ప్యాకెట్టు ఒక్కదాన్నే పంచితే మనిషికి రోజుకు ఎనిమిది గ్రాములు పైనే వస్తోంది. హోటళ్లను అడగడానికి ముందు నేను నా పోపుల పెట్టె దగ్గర నిలబడాలి.

పొయ్యిదగ్గర

పన్నెండు రోజులైంది, జరిగింది చెబుతాను.

మొదటి ఐదు రోజులు సాంబారు 260 నుంచి 235కి, ఇడ్లీ పిండి 120 నుంచి 100కి తగ్గించాను. సర్వర్లకు కూడా చెప్పలేదు. ఒక్కరూ అడగలేదు. ధైర్యమొచ్చి ఆరోరోజు సాంబారు 220 చేశాను. మా పాత కస్టమర్ ఒకాయన, రిటైరైన మాస్టారు, రెండు ముద్దలు తిని, "వంటమనిషి మారాడా?" అన్నారు. సాయంత్రానికి ఇంకో ఇద్దరు. మర్నాడు మళ్లీ 235కి వచ్చాను. అక్కడే ఒక నెల ఉంచుతాను. తర్వాత మళ్లీ చూస్తాను.

ఇప్పుడు ప్లేటు నాలుగు గ్రాములకు దగ్గరగా వచ్చింది. రెండో సాంబారు అడిగితేనే పోయమని సర్వర్లకు చెప్పాను. ఇదివరకు అడగకుండానే పోసేవాళ్లు. గోడ మీద పలక మీద రాయించాను: "సాంబారు ఒక గిన్నెలో ఉప్పు సుమారు 1.75 గ్రాములు. రోజుకు 5 గ్రాములు చాలు." త్రికోణం వేయించలేదు, మా జనానికి అక్షరాలే అర్థమవుతాయి. మాస్టారు దాన్ని రెండుసార్లు చదివి, సాంబారు గిన్నెలో సగం వదిలేసి వెళ్లారు. తిట్టుకున్నారో మెచ్చుకున్నారో తెలియదు, మర్నాడు మాత్రం వచ్చారు.

జాక్సన్‌హైట్స్_జానకి

మీ పోస్టులన్నీ అమ్మకు చదివి వినిపించాను. మీ లెక్క దగ్గర నన్ను ఆపి, మళ్లీ చదవమంది. వచ్చే నెల తెనాలి వెళ్లిపోతోంది, విజయవాడ దిగగానే మీ హోటల్‌కి వస్తానంటోంది. ఒక్క ప్రశ్న అడగమంది: ఉప్పు తగ్గించినప్పుడు చింతపండు అలాగే ఉంచారా, తగ్గించారా? ఇంట్లో ఉప్పు తగ్గిస్తే తన పులుసు పుల్లగా అయిపోతోందట, నాన్న తినడం లేదట.

పొయ్యిదగ్గర

అమ్మగారికి నమస్కారం చెప్పండి. తగ్గించాలమ్మా. ఉప్పు తగ్గితే పులుపు పైకి తేలుతుంది. ఉప్పు పదో వంతు తగ్గిస్తే చింతపండు కూడా అంతే తగ్గించి, చిన్న బెల్లం ముక్క వేయమనండి. పోపులో ఇంగువ, కరివేపాకు కొంచెం ఎక్కువ పడాలి, ధనియాలు అప్పటికప్పుడు వేయించి దంచి వేయాలి. ఉప్పు మాత్రం పొయ్యి మీద ముందే వేయకుండా, దించే ముందు వేసి చవి చూడమనండి. ఉప్పు ముందే వేసి మరిగిస్తే నీళ్లు ఇగిరేకొద్దీ ఉప్పు పెరుగుతుంది, మనం మొదట చూసిన చవి చివరికి ఉండదు. వచ్చే ముందు ఒక మాట ఇక్కడ రాయండి, ఆ రోజు సాంబారు నేనే పెడతాను.